చిన్నోడి జుట్టు, అమ్మ మొక్కు

నిద్ర పట్టడం లేదు. ఆ సెలూన్‌లో జరిగింది తలుచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది.

పెళ్ళికొడుకు ప్యాకేజీ అంటే ఏముంటుందో కనుక్కుందామని మా తమ్ముడు చిన్నోడు నన్ను తోడు రమ్మన్నాడు. అద్దం ముందు కూర్చోబెట్టారు. ఫోన్ లైటు సరిగ్గా నడినెత్తి మీద వేసి, ఫోటో తీసి వాడి కళ్ళ ముందు పెట్టారు. "చూడండి సార్, ఇక్కడ పల్చబడింది. మండపంలో లైట్లు పైనుంచి పడతాయి, వీడియోలో అంతా తెలిసిపోతుంది." వాడి ముఖం పాలిపోయింది. అట్లా లైటు వేస్తే ఎవరి నెత్తయినా కనబడుతుంది కదా! ఆ తర్వాత ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయారు. జుట్టు నున్నగా చేసే కెరాటిన్, కలర్, స్కాల్ప్ ఫేషియల్, చివరికి జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ కూడా. నెల కూడా లేని పెళ్ళికి మినాక్సిడిల్ ఏమిటి? మొదలుపెట్టిన కొత్తలో కొందరికి ఉన్న జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. గుణం కనబడాలంటే నెలలు పడుతుంది. డాక్టరు చూసి చెప్పాల్సిన మందు అది. కెరాటిన్ పేరుతో చేసేవాటిలో చాలావాటికి వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ పొగ వస్తుంది, కళ్ళు, గొంతు మండుతాయి. అంత పెట్టి నున్నగా చేయించుకున్నా మంగళస్నానం రోజు నూనె అంటి, కుంకుడుకాయ రసంతో తలంటుతారు. ఆ వెంటనే జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. ఆ నునుపు ఎన్ని గంటలుంటుందని?

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది ఒకటుంది. ఒక్కరు కూడా వాడిని "ఈమధ్య జ్వరం ఏమైనా వచ్చిందా" అని అడగలేదు. వాడికి ఈమధ్యే డెంగ్యూ వచ్చి తగ్గింది. అంత పెద్ద జ్వరం వస్తే రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుప్పెళ్ళుగా రాలొచ్చు. ఆ తర్వాత చాలామందికి దానంతటదే వస్తుంది. ఈ మాట ఒక్కటి చెప్పి ఉంటే వాడు ఈ రాత్రి అన్నం తినేవాడు.

కలర్ అనగానే నేను గట్టిగా వద్దన్నాను. చిన్నాయన పెళ్ళి చూసినవాళ్ళెవరూ మా ఇంట్లో ఆ మాట ఎత్తరు. నేను అప్పుడు చిన్నదాన్ని. చెవుల పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలున్నాయని, పెళ్ళికి రెండు రోజుల ముందు స్నేహితులు అంగడి నుంచి రంగు పొట్లం తెచ్చి ఆయనకు పట్టించారు. అంతకు ముందు కూడా వేసుకున్నాడు, ఏమీ కాలేదు. అందుకే ఎవరికీ భయం లేదు. ముహూర్తం రోజు తెల్లారేసరికి కళ్ళు మూసుకుపోయాయి. నుదురంతా ఉబ్బి, చెవుల వెంబడి నీరు కారుతోంది. అవ్వ సామాన్ల గదిలోకి పోయి ఏడ్చింది. ఆడపెళ్ళివాళ్ళలో ఎవరో "పిల్లోడికి ఏదో రోగముండాది, దాచిపెట్టినారు" అన్నారు. పెద్దవాళ్ళ మధ్య మాటా మాటా పెరిగింది. ఆ నుదుటి మీదే బాసికం కట్టారు. జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టినప్పుడు చిన్నాయన పళ్ళు బిగబట్టుకోవడం నాకు ఈరోజుకీ గుర్తే. పిన్నమ్మ మాత్రం తల ఎత్తి ఒకసారి చూసి, పీటల మీదే తన కొంగుతో ఆయన కన్ను తుడిచింది. ఆ ఆల్బమ్ మా ఇంట్లో ఎవరూ తీయరు. నల్లరంగుల్లో ఉండే పారా ఫినైలిన్ డయామిన్ చేసే పని అదని చాలా ఏళ్ళకు ఒక చర్మం డాక్టరు చెప్పారు. పదిసార్లు పడినది పదకొండోసారి పడకపోవచ్చట. అందుకే ప్రతిసారీ చెవి వెనుక కొంచెం రాసి 48 గంటలు చూడాలి. గోరింటాకు అని రాసి ఉన్నా నమ్మడానికి లేదు. ఉత్త గోరింటాకు ఎరుపే ఇస్తుంది, నల్లగా అయిందంటే అందులో ఇంకేదో కలిసినట్టే.

దారిలో వాడితో అన్నాను, "మగపిల్లోడివి, ఇంత టెన్షన్ ఎందుకురా, తిరుపతిలో గుండు చూసి ఎవరైనా తల తిప్పి చూస్తారా" అని. వాడేమీ మాట్లాడలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే ఇంకోలా అనిపిస్తోంది. మదనపల్లెలో పెళ్ళికూతురు ఎప్పటి నుంచో పార్లర్‌కి తిరుగుతోంది. అందరం ముచ్చటగా చెప్పుకుంటున్నాం. వీడు ఒక్క పూట అద్దం ముందు నిలబడితే నాయన దగ్గర నుంచి పక్కింటి అత్త దాకా అందరూ నవ్వారు. బాగా కనబడాలన్న ఆశ వాడికి మాత్రం ఉండదా? భయపెట్టి అమ్మేవాళ్ళ మీద కోపం వాడి మీద చూపించడం న్యాయం కాదు. వాడు అడిగింది పెళ్ళినాడు చక్కగా కనబడాలనే కదా.

వచ్చేటప్పుడు మన పాత మంగలి అంగడి దగ్గర బండి ఆపించాను. ఆయన తలలో వేళ్ళు పెట్టి చూసి, "కొత్త వెంట్రుకలు వస్తా ఉండాయప్పా. పెళ్ళికి ఐదారు దినాల ముందు రా, మంగళవారం తప్పించి. కత్తిరింపు సర్దుకుంటుంది" అన్నాడు. చిన్నోడు నవ్వాడు. పెళ్ళిలో గోళ్ళు తీసేది ఈయనే, నాదస్వరం ఆయన తమ్ముళ్ళదే.

ఇంటికొస్తే అమ్మ. డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడిపోయిన రాత్రి వాడి తలనీలాలు మొక్కుకుంది. పెళ్ళికి ముందే కొండకు పోయి కల్యాణకట్టలో ఇచ్చి రావాలంటుంది. వెంట్రుక నెలకు సెంటీమీటరు, కొంచెం అటూ ఇటూ పెరుగుతుంది. ఇప్పుడు ఇస్తే పీటల మీద తలంతా పొట్టి నూగే ఉంటుంది. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి పోయి ఇస్తారులే అన్నాను. "పెళ్ళయినాక ఆరు నెలలు తలమీద కత్తి పెట్టకూడదు. ఆలోపల కోడలు నీళ్ళోసుకుంటే కానుపు దాకా కుదరదు. స్వామి బాకీ అన్నాళ్ళు పెట్టుకుంటామా?" అంది. నాయన "వాడి బదులు నేనిస్తా" అంటే, "మొక్కింది నీ తలకు కాదు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె భయం నాకు తెలుసు. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో ఆమె పక్కన కూర్చున్నది నేనే.

అయినా ఈ ఆరు నెలల లెక్క అందరి ఇళ్ళలోనూ ఒకటి కాదు. చిత్తూరు పెద్దత్త కొడుకు పెళ్ళయిన కొద్ది రోజులకే ఇచ్చి వచ్చాడు, వాళ్ళు చల్లగా ఉన్నారు. పెద్దత్త పేరెత్తితే మాత్రం అమ్మ అసలు వినదు. పొద్దున్నే అయ్యవారికి ఫోన్ చేసి, శుభలేఖలకు పసుపు పెట్టడానికి వచ్చినప్పుడు ఆ మాటేదో అమ్మ ఎదురుగా ఆయన నోటితోనే చెప్పమని అడగాలి.