షోలకిలి కోసం మూడో ట్రిప్

మొత్తానికి ఆ పిట్ట కనిపించింది! నిన్న పొద్దున్నే 6:20కి, తమిళనాడు నీలగిరుల్లోని కోటగిరి దగ్గరి లాంగ్‌వుడ్ షోలా అడవిలో. పట్టుమని పది సెకన్లు కూడా ఉండలేదు, కానీ నాకు అది చాలు.

నీలగిరి షోలకిలి పిచ్చుక కంటే కొంచెం పెద్దది. వీపు స్లేటు నీలం, పక్కలు ఇటుక రంగు, పొట్ట మధ్యలో తెలుపు. కొండల మీద, ఎప్పుడూ తేమగా ఉండే షోలా అడవుల్లో నేల దగ్గరే తిరుగుతుంది. పడమటి కనుమల మధ్య ఖాళీ అయిన పాల్ఘాట్ కనుమ దాటి దక్షిణానికి వెళ్తే దీని చుట్టం, తెల్లపొట్ట షోలకిలి ఉంటుంది. ఈ పిట్టలకు షోలికోలా అని విడిగా ప్రజాతి పేరు పెట్టింది 2017లోనే. నీలగిరి పిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేసిన జెర్డన్ మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసినాయన. ఆ సంగతి తెలిసిన రోజు నుంచే దీని మీద మనసు పడింది.

మొదటి రెండు ట్రిప్పుల్లో చేసిన తప్పు ఒకటే: నడవడం. గంటల తరబడి బాట వెంట తిరిగితే పొదల్లోంచి సన్నటి ఈల వినిపించేది, అంతే. పైగా టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయల్దేరేవాణ్ణి. ఇది బయటికొచ్చేది తెల్లవారుజామున, మళ్లీ చీకటి పడే ముందు.

ఈసారి అటవీశాఖ అనుమతి ముందే తీసుకుని, వెలుగు రాకముందే ఒక వాగు మలుపులో ప్లాస్టిక్ షీట్ పరుచుకుని కూర్చున్నాను. ముదురాకుపచ్చ రెయిన్‌కోటు, ఫోన్ సైలెంట్‌లో. ముప్పై అయిదు నిమిషాలు ఏమీ లేదు, కాళ్లు తిమ్మిరెక్కాయి. అప్పుడు కుళ్లిన దుంగ పక్కన ఒక ఎండుటాకు కదిలింది. పిట్ట రెండు గెంతులు వేసి ఆగింది, తల వంచి చూసింది, ముక్కుతో ఆకును పక్కకి విసిరి తెల్లటి పురుగును లాగి మింగింది. మళ్లీ ఫెర్న్‌ల కిందికి దూరిపోయింది.

కెమెరా సంగతి: 400 ఎంఎం లెన్స్, ఎఫ్5.6, ఐఎస్‌ఓ 6400, షట్టర్ 1/60. పద్నాలుగు ఫొటోల్లో కన్ను షార్ప్‌గా వచ్చింది ఒక్కటే. చేత్తో పట్టుకుంటే లాభం లేదు, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) కావాల్సిందే. ఫ్లాష్ వాడలేదు. ఫోన్‌లో కూత వినిపించి రప్పించడం కూడా నేను చేయను. అసలే అంతరించే ప్రమాదంలో ఉన్న పిట్ట, ఇది గూడు కట్టే కాలం కూడా.

నవంబర్‌లో మళ్లీ వెళ్తాను, అదే మలుపుకి. ఈసారి రికార్డర్ పట్టుకెళ్లి దాని పాట రికార్డు చేయాలి.