నెలలు నిండని పాప కంటికి 130 డిగ్రీల లెన్స్: నా అనుభవం

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల రెటీనా (కంటి వెనక పొర) రక్తనాళాలు దారితప్పి పెరిగే జబ్బు ఆర్‌ఓపీ. దాన్ని పట్టుకోవడానికి ఇవాళ ఒక పాప రెండు కళ్ళ లోపలి ఫోటోలు తీస్తే నలభై నిమిషాలు పట్టింది. పట్టాల్సింది పదే. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

కనుపాపను పెద్దది చేసే చుక్కల దాకా అంతా సులువే. పాలు పట్టి గంట దాటాలి. పెద్దవాళ్ళకు వేసే ట్రోపికామైడ్ 0.8, ఫినైలెఫ్రిన్ 5 శాతం మందులో అంతే కొలత కృత్రిమ కన్నీళ్ళ చుక్కలు కలిపితే సగానికి పలచనవుతుంది. పది పదిహేను నిమిషాలకోసారి, రెండు మూడు విడతలు వెయ్యాలి. చెంపమీదికి కారింది వెంటనే తుడవండి, చర్మంలోంచి కూడా ఇంకుతుంది. తర్వాత మత్తుచుక్క, రెప్పలు తెరిచి ఉంచే స్పెక్యులమ్.

ఏడిపించేది కెమెరా లెన్స్ ఆనించడమే. ఇండైరెక్ట్‌లో (తలకు దీపం తగిలించుకుని, లెన్స్ చేత్తో పట్టుకుని డాక్టరు చూసే పద్ధతి) 28 డయాప్టర్ల లెన్స్ కంటికి తగలదు. చూపించేది సుమారు 50 డిగ్రీలు, అదీ తలకిందులుగా. 130 డిగ్రీల లెన్స్ అలా కాదు, జెల్ మధ్యన ఉండగా నల్లగుడ్డు మీదే కూర్చుంటుంది. జెల్ తక్కువైతే గాలిబుడగ, మధ్యలో మసక మచ్చ. అది కనిపిస్తుంది కాబట్టి మోసం లేదు. అసలు మోసం చేతి బరువుది. కాస్త నొక్కితే చాలు, కంట్లో ఒత్తిడి పెరిగి డిస్క్ (కంటినరం రెటీనాను కలిసే గుండ్రటి చోటు) పాలిపోతుంది, ఉబ్బి వంకర్లు తిరిగిన రక్తనాళాలు సన్నబడి బుద్ధిగా కనిపిస్తాయి. ఫోటో మాత్రం అద్దంలా ఉంటుంది! అది చూసే ఇవాళ ‘ప్లస్ లేదు’, అంటే నాళాలు అలా ఉబ్బి వంకర్లు తిరగలేదు అని రాశాను. మా డాక్టరు మేడమ్ ఇండైరెక్ట్ పెట్టుకుని రెండు నిమిషాల్లో, సిస్టర్ల ముందే, ఆ మాట కొట్టేశారు. టైప్ 1 (వెంటనే చికిత్స కావాల్సిన రకం) అయితే లేజర్‌కు గడువు రెండు మూడు రోజులే, ఆ తప్పు చిన్నది కాదు.

అందుకే ఉంగరపు వేలు పాప నుదుటిమీద ఆనించండి, కెమెరా బరువు అక్కడ పడాలి. జెల్ ధారాళంగా వెయ్యండి. స్టిల్ కాకుండా వీడియో తీసి, లెన్స్ తేలిక చేసినప్పుడు నాళాలు నిండిన ఫ్రేమ్ ఎంచుకోండి. డిస్క్, పైన, కింద, ముక్కువైపు, కణతవైపు, ఐదూ తీయాలి. నొక్కితే గుండె వేగం కూడా పడిపోతుంది, ఆక్సిమీటర్ మీద ఒక కన్నుండాలి. మన పిల్లల కంట్లో రంగు ఎక్కువ, వెలుతురు కాస్త పెంచాలి. పెంచితే డిస్క్ తెల్లగా మాడిపోతుంది, కాబట్టి మధ్యకీ అంచులకీ వెలుతురు విడివిడిగా సరిచేసుకోవాలి.

కెమెరా కొంటే డాక్టరు అక్కర్లేదనుకునే మేనేజ్‌మెంట్లకు ఒక్క మాట: ఐదు ఫోటోల్లోనూ రెటీనా చిట్టచివరి అంచు పూర్తిగా రాదు. దానికి తెల్లగుడ్డును బయటినుంచి నొక్కి ఇండైరెక్ట్‌తో చూడాల్సిందే. కెమెరా ఇచ్చేది రికార్డు. పోయినవారం ఫోటో పక్కన పెట్టి పోల్చడం, దూరాన ఉన్న డాక్టరుకు పంపడం కాగితం మీద గీసిన బొమ్మతో అయ్యే పని కాదు.

డిశ్చార్జి చీటీలో ‘కళ్ళు తర్వాత చూపించుకోండి’ అని రాసేవాళ్ళమీద ఇంకా కోపం. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపున్నా 30 రోజుల్లోగా మొదటి పరీక్ష. 28 వారాల లోపైనా, 1200 గ్రాముల లోపైనా రెండు మూడు వారాలకే. తారీఖు వేసి రాయడానికి అర నిమిషం పడుతుందా?