ఐదో ఎపిసోడ్ చూసి నిద్ర పట్టక

పన్నెండు దాటింది. ఎపిసోడ్ అవగానే ఈయన అటు తిరిగి పడుకున్నారు. గురక కూడా మొదలైంది. నాకేమో నిద్ర రావట్లేదు. కాబట్టి మీరు బలి.

'ది సోప్రనోస్' మొదటి సీజన్లో ఐదోది, 'కాలేజ్'. 1999 ఫిబ్రవరి నాటిది. ఈ సీరియల్ చూడమని ఈయన ఎన్నాళ్ళుగా నా ప్రాణం తీస్తున్నారో మీకు తెలుసు. న్యూజెర్సీ మాఫియా వాళ్ళ గొడవ నాకెందుకండీ, మన సీరియళ్ళలో అత్తలు చాలరా అంటూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. ఈ వారం దొరికిపోయాను.

ముందు ఆ ఫాదర్ సంగతి చెప్పాలి. మాఫియావాడైన హీరో టోనీ సోప్రనో, తన కూతురు మెడోని వెంటబెట్టుకుని కాలేజీలు చూపించడానికి అమెరికాలోనే మెయిన్ అనే రాష్ట్రం వెళ్తాడు. ఇంట్లో పెళ్ళాం కార్మెలాకి ఫ్లూ. కొడుకు కూడా ఇంట్లో లేడు. బయట వాన. అలాంటి రాత్రి ఫాదర్ ఫిల్ అనే చర్చి ఫాదరు ఊడిపడతాడు. వచ్చినవాడు జ్వరం ఎలా ఉందమ్మా అని అడిగి వెళ్ళొచ్చుగా! అబ్బే, నీ చేతి బేక్డ్ జీటీ అనే పాస్తా మీదకి మనసు పోయిందంటాడు. ముక్కు చీదుకుంటూనే ఆవిడ పెడుతుంది. తిన్నాక వైను, వైను తర్వాత సినిమా. మా ఇంటికీ వస్తారు చూడండి ఒక పెద్దాయన, సరిగ్గా కంచాలు పెట్టే వేళకి, "ఏం లేదమ్మా, ఇటుగా వెళ్తూ" అంటూ. పాతవాళ్ళకి పేరు చెప్పక్కర్లేదు. నిన్న గాక మొన్న వచ్చి గోంగూర పచ్చడి గిన్నె ఊడ్చేశారు. అత్తయ్యగారికి మిగల్లేదు. పైగా వెళ్తూ వెళ్తూ ఉప్పు తగ్గిందన్నారు. ఆ మంట నాలో ఇంకా ఆరలేదేమో, టీవీలో ఫాదరు ఫోర్కు ఎత్తిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండింది.

తిని ఊరుకోలేదు. ఆవిడ ఏడుస్తూ మనసులో ఉన్నదంతా కక్కుకుంది. మొగుడి డబ్బు ఎలాంటిదో తెలుసు, అయినా పిల్లల కోసం, ఈ సుఖం కోసం కళ్ళు మూసుకున్నానంది. ఆయన విన్నాడు, అక్కడే ప్రసాదం ఇచ్చాడు. తర్వాత ఇద్దరూ కాస్త ఎక్కువ దగ్గరకి జరిగారు, అంతలో ఫాదరు గారికి వాంతొచ్చి బాత్‌రూమ్‌కి పరుగు. ఆ సోఫా మీదే తెల్లారింది. కార్మెలాగా వేసిన ఈడీ ఫాల్కోకి ఆ ఏడాది ఎమ్మీ అవార్డు ఈ ఎపిసోడ్‌కే వచ్చిందట. ఇవ్వాల్సిందే. జ్వరం మొహంతో అంత చెయ్యడం మాటలా?

"వచ్చిందట" అన్నది ఈయన చలవ. రెండో మంట అదే. సీను సీనుకీ కామెంటరీ. టోనీకి దారిలో పెట్రోలు బంకు దగ్గర పాత మనిషి కనిపిస్తాడు, పెట్రూలియో. ఒకప్పుడు వీళ్ళ ముఠాలోవాడే, పోలీసులకి సాక్ష్యం చెప్పి, పేరు మార్చుకుని, ఆ ఊళ్ళో ట్రావెల్ ఆఫీసు పెట్టుకున్నాడు. కూతురు ఇంటర్వ్యూలో ఉండగా టోనీ వెళ్ళి వాడి మెడకి తీగ బిగించి చంపేస్తాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఈయన మాత్రం పాజ్ చేసి మరీ పాఠం. ఈ సీరియల్ వేసిన హెచ్‌బీఓ ఛానెల్లో క్రిస్ ఆల్బ్రెక్ట్ అనే అధికారి భయపడ్డాడట, హీరో తన చేత్తో చంపితే జనం అసహ్యించుకుంటారని. చంపకుండా వదిలేస్తేనే వీణ్ణెవరూ నమ్మరని సీరియల్ సృష్టికర్త డేవిడ్ చేజ్ పట్టుబట్టాడట. బాగుంది. హీరోని జనం ఏమనుకుంటారోనని అందరికీ టెన్షనే, కూతురు ఏమనుకుంటుందో అని ఒక్కరూ అడగలేదా అన్నాను. "అదేగా ఎపిసోడ్" అన్నారు ఈయన. అలాంటి జవాబులకి నా దగ్గర మందు లేదు.

ఆ కూతురి మీద కూడా నాకు కోపమే వచ్చింది. కార్లో సూటిగా అడిగింది, నాన్నా నువ్వు మాఫియావా అని. ముందు కాదన్నాడు, తర్వాత నీళ్ళు నమిలి, కొంత డబ్బు అక్రమంగా జూదం మీద వస్తుందన్నాడు. మురిసిపోయింది పిల్ల, నాన్న నిజం చెప్పాడని. తర్వాత బూట్లకి మట్టి, చేతికి దెబ్బతో వస్తే మళ్ళీ అడిగింది, ఆయన ఏదో కథ అల్లాడు, ఇది ఊరుకుంది. మాటలు వచ్చినదానివి, అంత అడిగినదానివి, ఇప్పుడు ఎందుకు ఊరుకున్నావే అని గట్టిగానే అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది విజయవాడ బస్టాండు.

ఎంసెట్ కౌన్సెలింగ్‌కి నాన్నా నేనూ వెళ్ళాం. తిరుగు బస్సుకి టైముంది. నాన్న నా పక్కన కూర్చుని పేపర్ చదువుతున్నవాడల్లా ఉన్నట్టుండి మడత పెట్టేసి, "అమ్మలూ, సంచి చూస్తుండు" అని లేచాడు. చాలా దూరంలో ఒకాయన, చేతిలో బత్తాయిల సంచి, పక్కన నాలుగైదేళ్ళ పాప. నాకు తెలుసు ఆయన్ని. చీటీ పాట పాడి ఎత్తుకుని, వాయిదాలు కట్టకుండా ఊరొదిలి పోయినవాడు. షూరిటీ సంతకం నాన్నది. అమ్మ గాజులు బ్యాంకులో తాకట్టులో ఉండేవి అప్పటికి. ఇద్దరూ స్తంభాల వెనక్కి వెళ్ళారు. పాప ఒక్కతే నిలబడి ఉంది.

నాన్న తిరిగొచ్చేసరికి చొక్కా జేబు ఒక పక్క ఊడి వేలాడుతోంది. పెన్ను క్యాపు లేదు, ఇంకు తెల్ల చొక్కా మీద చేతి వెడల్పున పాకింది. "ఏమైంది నాన్నా?" అన్నాను. "జనంలో రాసుకుంది" అన్నాడు. బస్సు పోతే పోయిందని నన్ను ఏసీ హోటల్‌కి తీసుకెళ్ళాడు. ఊడిన జేబులో డబ్బు నిలవదుగా, ప్యాంటు జేబులోంచి నలిగిన వంద నోట్లు తీశాడు. పొద్దున ఆయన దగ్గర అవి లేవు, చిల్లర లెక్క పెట్టుకుంటూ వచ్చాం. భోజనం, ఆ పైన బటర్‌స్కాచ్ ఐస్‌క్రీం. అంతకుముందు నాకు దాని పేరే తెలీదు. ఇంటికెళ్ళాక అమ్మ చొక్కా తిప్పి చూసి, సూదిలో దారం ఎక్కించింది. ఆవిడా అడగలేదు.

టోనీతో నాన్నని పోల్చానని రేపు తమ్ముడు చదివి ఫోన్ చేస్తాడు. పోల్చట్లేదురా. మన డబ్బే తెచ్చుకున్నాడు, అందులో తప్పేముంది? ఇప్పటికీ అదే అంటాను. కానీ పెట్రూలియోకి కూడా చిన్న కూతురుంది, ఎపిసోడ్లో కనిపిస్తుంది. అది చూసినప్పటి నుంచి బస్టాండులో ఆ పాప ఎంతసేపు నిలబడిందా అని లెక్కలేస్తున్నాను. ఆ బత్తాయిలు ఎవరు పట్టుకెళ్ళారు? మెడోని తిట్టాను గానీ, కాలేజీ ఫీజు కట్టేవాణ్ణి పదిహేడేళ్ళ పిల్ల ఎన్నిసార్లు నిలదీస్తుంది? ఒకసారి అడగడమే ఎక్కువ. నేనూ ఒకసారే అడిగాను.

చివర్లో బోడ్విన్ కాలేజీ గోడ మీద హాథోర్న్ అనే రచయిత వాక్యం చూపిస్తారు, తనకో ముఖం, లోకానికో ముఖం పెట్టుకు తిరిగేవాడు చివరికి ఏది అసలుదో తెలీక తికమక పడతాడని. ఇదొక్కటీ నాకు నచ్చలేదు. అంతసేపూ చూపించి, మళ్ళీ గోడ మీద రాసి చెప్పాలా? ఈయనేమో "ఆహా" అన్నారు. దానికన్నా ఆ తర్వాతది నయం. ఇంటికొచ్చిన టోనీకి ఫాదరు రాత్రంతా ఇక్కడే ఉన్నాడని కార్మెలా చెప్తుంది, ఆయన నిలదీయబోతే, నువ్వు వెళ్ళే మనోవైద్యం డాక్టరు ఫోన్ చేసింది, ఆడమనిషని చెప్పలేదే అంటుంది. అంతే, నోరు పడిపోయింది పెద్దమనిషికి. నేను చప్పట్లు కొట్టాను. అత్తయ్యగారు లేచారు.

రేపు ఆరోది చూద్దామంటున్నారు. పాజ్ బటన్ నా చేతికిస్తే కూర్చుంటాను.