పిన్ని ఇంట్లో అద్దాల బీరువా

ఇంకా మంచు విడవకముందే పిన్ని దగ్గరనుంచి ఫోను. "అద్దాల బీరువా ఖాళీ చేస్తున్నానమ్మా, రేపు సున్నాలవాళ్లు వస్తారు. పాత సామాన్లు కొనే అతను వచ్చి గాజు వస్తువులన్నిటికీ కలిపి ఒక ధర చెప్పి వెళ్లాడు. నువ్వొకసారి చూస్తే తప్ప నాకు ఇవ్వబుద్ధి కావడం లేదు." ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను. సంచిలో భూతద్దం, చిన్న టార్చి, దొంగనోట్లు పట్టుకోవడానికి దుకాణాల్లో వాడే ఊదారంగు దీపం, మెత్తటి పాత నూలుగుడ్డ వేసుకుని అమలాపురంలో బస్సెక్కాను. ముమ్మిడివరం దాటాక రోడ్డు అంచు పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంది. బస్సు సగం రోడ్డు మీదే నడిచింది.

పిన్ని వాళ్ల ఊరు మురమళ్లకు ఇవతల, గౌతమి గట్టుకు దగ్గర. అవతలి ఒడ్డున యానాం. ఎదుర్లంక వంతెన 2002లో వచ్చేదాకా అక్కడికి వెళ్లాలంటే ఏరు దాటాల్సిందే. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ల పాలనలో ఉండడం వల్ల, ఈ చుట్టుపక్కల పాత ఇళ్లలో అందమైన గాజు వస్తువు ఏది కనబడినా దాని వెనక ఒక ఫ్రెంచి దొర కథ ఉంటుంది. పిన్ని ఇంట్లోనూ ఉంది. బాబాయి తాతగారు యానాంలో కొబ్బరి వ్యాపారం చేసేవారు. ఆ రోజుల్లో ఒక దొర ఫ్రాన్సుకు తిరిగి వెళ్తూ తన ఇంటి సామానంతా ఆయన చేతిలో పెట్టాడని చెబుతారు.

ఆ కథ నాకు ఇష్టమే. అయినా గాజు దగ్గరికి వచ్చేసరికి ముందు వస్తువును తలకిందులు చేస్తాను, తరువాతే కథ వింటాను. చెప్పాల్సినదంతా అడుగునే ఉంటుంది. ఊదిన గాజును ఇనుప కడ్డీ నుంచి విడదీసినప్పుడు అడుగున ఒక మచ్చ మిగులుతుంది. కొందరు దాన్ని గరుకుగానే వదిలేస్తారు, మంచి కర్మాగారాలు సాన పట్టి నున్నటి గుంటగా మారుస్తాయి. అచ్చులో పోసినదైనా, అచ్చులోకి ఊదినదైనా అచ్చు ముక్కలు కలిసిన చోట సన్నటి గీత తేలుతుంది. వీటికన్నా నేను ఎక్కువగా నమ్మేది అరుగుదలను. అరవై డెబ్భై ఏళ్లు బీరువా చెక్క మీద జరుగుతూ వచ్చిన గాజుకు, చెక్కను తాకే అంచు మీద మాత్రమే, అన్ని దిక్కులకూ పోయే సన్నటి గీతలు పడతాయి. పాతదని నమ్మించడానికి గరుకు కాగితంతో రుద్దితే గీతలన్నీ ఒకే వైపుకు సాగుతాయి, చెక్కకు తగలని చోట కూడా కనిపిస్తాయి. టార్చి ఏటవాలుగా వేసి భూతద్దంలో చూస్తే ఈ తేడా తెలియకుండా పోదు.

వసారాలో చాప పరిచి అన్నీ వరసగా పెట్టించాను. లాంతరు చిమ్నీలు, గోళీ సోడా సీసా ఒకటి, మూత పోయిన జాడీలు పక్కకు జరిపేశాను. (ఆ గోళీ సీసా కూడా తక్కువది కాదు. హైరం కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. ఇంగ్లండులో ఎప్పుడో వాడుక పోయినా మన దగ్గర ఇంకా బతికి ఉంది.)

మొదట చేతికి తీసుకున్నది అత్తరు బుడ్డి. గులాబీ రంగు అడుగున మొదలై పైకి వచ్చేకొద్దీ పలచబడి పసుపు అవుతుంది. ఒళ్లంతా మెలి తిరిగిన చారలు. చిన్నదే అయినా చేతికి బరువు తెలుస్తోంది, గోటితో తడితే సన్నగా మోగింది. సీసం కలిసిన స్ఫటిక గాజు లక్షణం అది. అడుగున పోత అక్షరాల్లో బకారా అనే పేరు ఉంది. ఫ్రాన్సులో 1764లో మొదలైన కర్మాగారం అది. మన సంస్థానాధీశుల్లో కొందరు దీపవృక్షాలు అక్కడినుంచి కూడా తెప్పించుకున్నారు. సీసా, కూజా, గ్లాసు బొమ్మలున్న గుండ్రటి ముద్రను ఆసిడ్‌తో వేయడం వాళ్లు 1936లో మొదలుపెట్టారు. ఈ బుడ్డి మీద ఆ ముద్ర లేదు, పోత అక్షరాలే ఉన్నాయి. దీన్ని అంతకు ముందరిదిగానే లెక్కపెట్టాను. బిరడా తీసి చూస్తే దాని కాడ మీద ఒక చిన్న అంకె, సీసా మూతి దగ్గర మళ్లీ అదే అంకె. ఆ రోజుల్లో ప్రతి బిరడానూ దాని సీసాకే సరిపడేలా విడిగా సాన పట్టేవారు. మారిపోకుండా రెంటి మీదా ఒకే అంకె చెక్కేవారు. ఇన్ని తరాలు చేతులు మారినా జత విడిపోలేదు. "అంటే దొర కథ నిజమేనన్నమాట" అని పిన్ని ముఖం వెలిగింది. ఈ బుడ్డి వరకు ఆ కథను కాదనడానికి నాకు ఏమీ కనబడలేదు.

తరువాత నిమ్మపండు రంగులో ఒక చిన్న పళ్లెం. గది తలుపులు మూసి ఊదా దీపం వేయగానే అది పచ్చగా వెలిగిపోయింది. పిన్ని ఒక అడుగు వెనక్కి వేసింది. యురేనియం కలిపిన గాజు అది. 1830ల నుంచి బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) కొలిముల్లో ఈ రంగుకు మంచి గిరాకీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యురేనియం ప్రభుత్వాల అదుపులోకి పోయి గాజువాళ్లకు దొరకడం బాగా తగ్గిపోయింది. మాంగనీసు కలిసిన పాత గాజు కూడా ఈ దీపానికి కొద్దిగా పచ్చబడుతుంది. ఇంత నిండుగా మాత్రం వెలగదు. అడుగున చిన్న గుండ్రటి ముద్రలో చెకొస్లొవాకియా అని చదవగలిగాను. ఆ దేశం పుట్టిందే 1918లో. కాబట్టి పళ్లెం బహుశా రెండు యుద్ధాల నడుమ ఇరవై ఏళ్లలోది. బీరువాలో ఉంటే భయం లేదని, ఉసిరికాయ పచ్చడి లాంటి పులుపు మాత్రం అందులో పెట్టవద్దని పిన్నికి గట్టిగా చెప్పాను.

ఇక మూడోది. దీని కోసమే ఈ టపా రాస్తున్నాను.

జానెడు ఎత్తు పూలగిన్నె. ఒక ఆడమనిషి చెయ్యి మణికట్టు దగ్గర పీఠం మీద నిలబడి, వేళ్లతో పైన విచ్చుకున్న పూవును పట్టుకుని ఉంటుంది. నారింజ, బంగారం కలిసిన రంగు, దాని మీద పావురం మెడలా కదిలే ఊదా, ఆకుపచ్చ మెరుపు. కొలిమి నుంచి తీసిన వేడి గాజు మీద తగరం, ఇనుము లవణాల ద్రావణం చల్లితే వచ్చే పొర అది. అమెరికాలో ఫెంటన్ కర్మాగారం 1907 ప్రాంతంలో ఈ రకాన్ని చవకగా తయారుచేసి జనం ఇళ్లలోకి తెచ్చింది. దాన్నే కార్నివాల్ గాజు అంటారు. ఇంట్లో అందరూ అన్నిటికన్నా ఎక్కువగా ఫ్రెంచిదని చెప్పుకునేది ఈ చెయ్యినే. కొనడానికి వచ్చిన వ్యాపారి మాత్రం ఇది చిల్లర సరుకు, మిగిలినవాటితో ఊరికే ఇచ్చేయండి అన్నాడట. ఊరికే అడిగిన వస్తువునే శ్రద్ధగా చూడాలని నా అనుభవం.

వెలుగులోకి తీసుకెళ్లి తిప్పాను. రెండు పక్కలా అచ్చు గీతలు. పైఅంచు వేలితో తడిమితే కోసి అరగదీసిన గరుకుదనం. అడుగున దుమ్ము తుడిస్తే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు తేలాయి: జైన్. నాకు ఒళ్లు జలదరించింది. ఫిరోజాబాదులోని జైన్ గ్లాస్ వర్క్స్ గుర్తు అది. చెయ్యి, చేప, ఏనుగు రూపాల్లో వాళ్లు చేసిన పూలగిన్నెల కోసం ఇప్పుడు విదేశాల్లో కార్నివాల్ గాజు సేకరించేవాళ్లు వెతుక్కుంటున్నారు. వాళ్ల సరుకు 1930ల నుంచీ వచ్చినది. బాబాయి తాతగారు పోయింది 1926లో అని గోడ మీద పటం కిందే రాసి ఉంది. దొర చేతుల మీదుగా ఆయనకు వచ్చే దారి లేదు.

పిన్ని కాసేపు మాట్లాడలేదు. తరువాత తనే అంది: "మా అత్తగారు కాశీ వెళ్లినప్పుడు మథుర, ఆగ్రా కూడా చూసి వచ్చారు. అక్కడినుంచి ఊరందరికీ గాజులు తెచ్చారని చెప్పేవారు." ఫిరోజాబాదు ఆగ్రా పక్కనే. దేశానికి గాజులు పోసే ఊరు. చేతులకు గాజులు కొన్న మనిషి గాజు చెయ్యి ఒకటి కొనుక్కోదా? ట్రంకు పెట్టెలో చీరల మధ్య చుట్టి, అన్ని రైళ్లు మారి, గోదావరి దాటించి, వేలు విరగకుండా ఇంటికి తెచ్చిన ఆవిడ పేరు ఇన్నాళ్లూ ఈ వస్తువు కథలో లేనే లేదు. ముఖం తెలియని దొరకు దక్కిన ఘనత ఆవిడకు దక్కాలి. కొలిమి వేడిలో నిలబడి దీన్ని అచ్చులోకి ఊదిన ఫిరోజాబాదు పనివాడికీ దక్కాలి. మనవాళ్ల చేతిపనిని మెచ్చుకోవడానికి దానికి పరదేశం పేరు తగిలించడం నాకు ఎంతమాత్రం నచ్చదు. ఈ మాట పిన్నితో కొంచెం గట్టిగానే అన్నాను.

"అయితే దాని విలువ తగ్గినట్టా, అక్కా?" అని పిన్ని కొడుకు, మా తమ్ముడు అడిగాడు. బకారా బుడ్డికి ఎక్కువ డబ్బు రావచ్చు, అది వేరే సంగతి. ఈ చెయ్యిని నువ్వు అమ్మితే నీతో మాట్లాడను అన్నాను. పిన్ని ఆ వ్యాపారికి అప్పుడే ఫోను చేసి రావద్దని చెప్పేసింది.

పప్పుచారు, కంద బచ్చలి కూరతో భోజనం అయ్యాక ఒక్కొక్క వస్తువుకీ చీటీ రాశాం. తయారైన చోటు, దొరికిన గుర్తు, అంచనా కాలం, ఇంటికి ఎవరు తెచ్చారు. కడగడం గురించి కూడా రాయించాను. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే. చింతపండు, బూడిద, పీచు ఏవీ దగ్గరికి రాకూడదు. ఆ మెరుపు పొర ఒకసారి అరిగితే మళ్లీ రాదు.

బయలుదేరుతుంటే తమ్ముడు ఇంకో కబురు చెప్పాడు. యానాంలో వాడి స్నేహితుడి ఇంట్లో పొరల గాజు కూజా ఉందట, ఒళ్లంతా ఉబ్బెత్తు ఆకులు, పక్కన గాలే అనే సంతకం, దాని ముందు ఒక నక్షత్రం. ఫ్రెంచి గాజు కళాకారుడు ఎమిల్ గాలే 1904లో చనిపోయాక ఆయన కర్మాగారం కొన్నేళ్లు పేరు పక్కన నక్షత్రం వేసిన మాట నిజమే. కానీ ఈ పేరుకు ఉన్నన్ని నకళ్లు మరో పేరుకు తక్కువే. రుమేనియాలో చేసిన కొత్తవాటి మీద సంతకం పక్కన టిప్ అనే మూడు అక్షరాలు ఉంటాయి. మోసగాళ్లు వాటిని అరగదీసేస్తారు. అందుకే అక్కడ వేలికి తగిలే నున్నటి పల్లం ఉందేమో తడిమి చూడమని, అడుగు భాగం దగ్గరగా ఫోటో తీసి పంపమని చెప్పాను. పండగ అయ్యాక ఒక ఆదివారం వెళ్లి చూస్తాను.