వదిలేసిన పన్ను, అమ్మకానికి పెట్టిన ఉక్కు

2019 సెప్టెంబరులో దేశీయ కంపెనీల ఆదాయపు పన్ను మూల రేటును 22 శాతానికి తగ్గించినప్పుడు, దానివల్ల ఏటా 1.45 లక్షల కోట్ల రూపాయల రాబడి పోతుందని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. పదిహేడు నెలలు తిరగకుండానే, 2021 జనవరిలో, విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా అమ్మకానికి అదే ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఈ రెండు నిర్ణయాలను వేరువేరుగా చూడడం నా వల్ల కావడం లేదు.

పన్ను బకాయిల సంగతీ అంతే. వసూలు కావలసిన ప్రత్యక్ష పన్ను బకాయిల్లో అత్యధిక భాగం రాబట్టడం కష్టమని ఆదాయపు పన్ను శాఖే చెబుతున్నట్లు, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికలు ఏళ్ల తరబడి చూపిస్తున్నాయి.

సొంత ఇనుప ఖనిజ గనులు లేక, ఆ ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొనుక్కుంటూ అప్పుల వడ్డీలు కడుతున్న కర్మాగారాన్ని నష్టాల సంస్థ అనడం అన్యాయం. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్నది అది. 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ ఊరటే గానీ, గనుల లోటును అది తీర్చదు.

ఉక్కు కర్మాగారం దగ్గర కూర్మన్నపాలెం కూడలిలో, అమ్మకానికి వ్యతిరేకంగా వెలిసిన దీక్షా శిబిరానికి ఒకసారి వెళ్లాను. అక్కడ కూర్చున్న ఒక విశ్రాంత కార్మికుడు, అంచులు అరిగిన తన పాత గుర్తింపు కార్డును చొక్కా జేబులోంచి తీసి, తుడిచి, నా చేతిలో పెట్టారు. జీతంలో పన్ను కోత పడని నెల తన సర్వీసు చివరి ఏళ్లలో ఒక్కటీ లేదని ఆయన నెమ్మదిగా చెప్పారు.