622 కోసం విజయనగరం దాకా

సన్నని టైర్లుండే రోడ్డు సైకిలులో మనిషి బరువు వెనక చక్రం మీదే ఎక్కువగా పడుతుంది కాబట్టి, టైర్లు రెండూ ఒకే రోజు వేసినా వెనకదే ముందుగా అరిగిపోతుంది. 2021 వర్షాకాలానికి నా సైకిలు వెనక టైరు నడినెత్తి పూర్తిగా చదునైపోయి, ఒకచోట రబ్బరు చిట్లి కింద ఉన్న నైలాను దారాలు కనబడసాగాయి. నరసన్నపేట నుంచి రణస్థలం మీదుగా ఆనందపురం వైపు జాతీయ రహదారిని ఆరు వరుసలుగా వెడల్పు చేస్తున్న రోజులవి. రోడ్డు అంచున చెదిరిన కంకర పలుకులకు తోడు, లారీ టైర్లు పేలినప్పుడు రాలే సన్నని ఉక్కు తీగ ముక్కలు ఇరవై అయిదు మిల్లీమీటర్ల వెడల్పు టైరును ఎంతగా హింసిస్తాయో ఆ దారిలో సైకిలు తొక్కినవారికి వేరే చెప్పనక్కరలేదు. చిట్లినచోట లోపలివైపు పాత టైరు ముక్క ఒకటి కత్తిరించి పెట్టి, ఊరి పొలిమేర దాటకుండా కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. తెల్లవారుజామున కళింగపట్నం దాకా వెళ్లి వంశధార సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చుని రావడం అలవాటైన మనిషికి అది ఎంత కష్టమో సైకిలు మీద ప్రేమ ఉన్నవారికి తెలుస్తుంది.

మామూలు రోజుల్లో అయితే ఇది పెద్ద పని కాదు, ఫోనులో ఆర్డరు పెడితే వారం తిరక్కుండా టైరు ఇంటికి వచ్చేది. ఆ ఏడాది ఎక్కడ వెతికినా ‘స్టాకు లేదు’ అన్న మాటే ఎదురైంది. ఒక అమ్మకందారు దగ్గర ఒకే ఒక్క టైరు కనబడింది గాని, దాని మీద ముద్రించిన ధరకు దాదాపు రెట్టింపు అడిగాడు. అవసరంలో ఉన్నవాడి మెడ మీద కూర్చునే ఆ పద్ధతి నాకు నచ్చలేదు, కొనలేదు.

ఈ కరువుకు కారణాలు చాలా దూరంలో ఉన్నాయి. కోవిడ్ వచ్చాక బస్సులు, రైళ్లు ఎక్కడానికి జంకిన జనం ప్రపంచమంతటా సైకిళ్ల మీద పడ్డారు. సైకిళ్లతోపాటు టైర్లకూ గిరాకీ పెరిగింది. అదే సమయంలో కర్మాగారాలు మూతపడుతూ తెరుచుకుంటూ నడిచాయి, ఓడల మీద సరుకు పంపే కంటైనర్లు దొరకడం గగనమైంది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువకు అడ్డం పడి ఆరు రోజులు దారి మూసేయడంతో ఐరోపా నుంచి రావలసిన సరుకు మరింత వెనకబడింది. మన దేశంలో దీనికి మరో ముడి కూడా ఉంది. 2020 జూన్‌లో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ టైర్ల దిగుమతిని స్వేచ్ఛా జాబితా నుంచి ఆంక్షల జాబితాలోకి మార్చింది. కార్లు, బస్సులు, లారీలు, మోటారు సైకిళ్ల టైర్లతోపాటు సైకిలు టైర్లు కూడా ఆ జాబితాలో చేరాయి. ఆంక్ష అంటే నిషేధం కాదు, లైసెన్సు తీసుకుని తెప్పించుకోవచ్చు. కానీ ఏడాదికి కొన్ని పెట్టెలు మాత్రమే తెప్పించే చిన్న వ్యాపారికి లైసెన్సు కోసం తిరగడం గిట్టుబాటయ్యే పని కాదు. లూథియానాలో సైకిలు టైర్లు లక్షల్లో తయారవుతున్న మాట నిజమే గాని, అందులో అత్యధిక భాగం పాలవాళ్లూ కూలీలూ తొక్కే బరువు సైకిళ్లకూ, బడిపిల్లల సైకిళ్లకూ పనికివచ్చేదే. సన్నని రోడ్డు టైర్లు మాత్రం ఎక్కువగా థాయిలాండ్, తైవాన్, వియత్నాం, ఇండోనేషియాల నుంచీ, కొన్ని జర్మనీ నుంచీ రావాలి. దేశీయ పరిశ్రమను కాపాడాలన్న ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. దేశంలో సరిపడా తయారుకాని వస్తువుకు కూడా అదే తలుపు వేయడం మాత్రం న్యాయం కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ముందు మా శ్రీకాకుళంలోనే వెతికాను. ఏడు రోడ్ల కూడలి నుంచి జీటీ రోడ్డు పొడవునా నాకు తెలిసిన సైకిలు దుకాణాలన్నీ తిరిగాను. ప్రతిచోటా ‘ఇరవై ఎనిమిది అంగుళాల సైజు కావాలి’ అంటే క్షణంలో ఒక టైరు తెచ్చి చేతిలో పెడతారు. అది బరువు సైకిలు టైరు. పైన 28×1½ అని ఉంటుంది, రిమ్ము మీద కూర్చునే అంచు వ్యాసం 635 మిల్లీమీటర్లు. నాకు కావలసింది 700×25సి, దాని అంచు వ్యాసం 622. ఆడపిల్లల సైకిళ్లకూ కాస్త తేలిక సైకిళ్లకూ వేసే 26×1⅜ అయితే 590. ఇరవై ఏడు అంగుళాలదని చెప్పే మరో పాత రకం 630. చేత్తో పట్టుకుని చూస్తే అన్నీ ఇంచుమించు ఒకేలా కనబడతాయి, కానీ పదమూడు మిల్లీమీటర్లు పెద్దదైన టైరును బిగించి గాలి కొడితే అంచు రిమ్ములో నిలవక ఎగిరి బయటికి వచ్చేస్తుంది. ట్యూబు పగిలితే పోయేది డబ్బే, నడుస్తున్నప్పుడు అలా జరిగితే పోయేది ఎముకలు. అంగుళాల లెక్క వదిలేసి టైరు పక్కగోడ మీద చిన్న అక్షరాలతో ఉండే రెండో అంకెను చూడాలి. 25-622 అని ఉంటే మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద కూర్చునే వ్యాసం. ఈ రెండో అంకె కలిస్తేనే టైరు కూర్చుంటుంది, మొదటి అంకె దగ్గర మాత్రం కొంత సర్దుకోవచ్చు.

ఆ సర్దుబాటు ఎంతవరకో తెలుసుకోవడానికి బయలుదేరే ముందు రోజు సాయంత్రం సైకిలును తలకిందులు చేసి, టైరుకూ వెనక బ్రేకుకూ మధ్య సందులో బోల్టులు బిగించే అలెన్ కీలు, ఒక్కోటి ఒక్కో మందంలో ఉండేవి, ఒక్కొక్కటే దూర్చి చూశాను. ఆరు మిల్లీమీటర్ల కీ తేలిగ్గా దూరింది. ఇరవై ఎనిమిది వెడల్పు టైరు వేస్తే ఎత్తు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఇంకా మూడు మిగులుతుంది. ఫ్రేము గొట్టాల పక్కన కూడా చోటుంది. అంటే 25 దొరక్కపోయినా 28 దొరికితే చాలు. 32 వేస్తే మాత్రం బ్రేకు కింద ఇరుక్కుంటుంది. ఈ లెక్కలు చీటీ మీద రాసుకుని, వెనక చక్రం ఊడదీసి, గేర్ల చుట్టూ పాత తుండుగుడ్డ చుట్టి, తెల్లవారి విజయనగరం బస్సెక్కాను.

చక్రంతో బస్సెక్కినవాణ్ని చూసి కండక్టరు, ‘ఏటి మేస్టారూ, సగం సైకిలే తెచ్చీనారు?’ అని అడిగి, ఎవరికీ తగలకుండా డ్రైవరు వెనక పెట్టించాడు. చిలకపాలెం, రణస్థలం, పైడిభీమవరం దాటుతుంటే రోడ్డు పనుల దుమ్ము మీద వాన పడి బురదయింది. నాతవలస దగ్గర బస్సు జాతీయ రహదారి వదిలి కుడివైపు తిరిగింది. అక్కడి నుంచి డెంకాడ మీదుగా విజయనగరం దాకా రెండువైపులా మామిడి తోపులు, కొబ్బరి చెట్లు, ఊడ్పులు పూర్తయిన వరిమళ్లు. ఆ దారిలో సైకిళ్లకు కొదవలేదు, వెనక గడ్డిమోపులు కట్టుకున్నవీ, పాలకేన్లు వేలాడేవీ, పిల్లలు నిలబడి తొక్కేవీ. అన్నీ 635, 590 కొలతలవే. వాటికి ఏ ఊరి సంతలోనైనా టైరు దొరుకుతుంది. తన చుట్టుపక్కల జనం వాడే వస్తువునే వాడేవాడికి ఉండే ఆ భద్రత నాకు ఆ ఉదయం బాగా తెలిసివచ్చింది.

విజయనగరంలో దిగి గంటస్తంభం వైపు నడిచాను. మొదటి రెండు దుకాణాల్లో పాత కథే. మూడోచోట యజమాని చక్రాన్ని చేతిలోకి తీసుకుని, హబ్బు తిప్పి చూసి, ‘ఇలాంటి టైర్లు కరోనా ముందు తెప్పించేవాళ్లం మేస్టారూ, ఇప్పుడు విశాఖపట్నం హోల్‌సేలు వాళ్లే లేవంటున్నారు’ అన్నాడు. ఊరికే పంపేయకుండా ఆ వీధి చివర పంక్చర్లు వేసే ఒక ముసలాయన దగ్గరికి వెళ్లి అడగమన్నాడు.

ఆ బాబాయిది దుకాణం అనడానికి లేదు, వేపచెట్టు కింద రేకు చూరు, నీళ్లున్న ఇనుప బేసిను, సొల్యూషను డబ్బాలు, గోడకు వేలాడే పాత రిమ్ములు. నేను నా గోడు చెప్పబోతుంటే ఆపి, కళ్లజోడు పెట్టుకుని నా టైరు పక్కగోడ మీది అక్షరాలు తానే వెతుక్కున్నాడు. ‘ఆరువందల ఇరవై రెండు. అంకె సదువుకుంటే అయిపోనాది బాబూ, పేరుతో పనేటి?’ అన్నాడు. ఆ తరవాత ఆయన చెప్పిన సంగతి నాకు తట్టనిది. కొన్నేళ్ల కిందట ఇదే ఊళ్లో ఒక దుకాణదారు ఆఫీసులకు వెళ్లే కుర్రవాళ్లకు నేరు హ్యాండిలున్న తేలిక సైకిళ్లు, హైబ్రిడ్లంటారే అవి, అమ్మాడట. వాటి రిమ్ము కూడా 622 కొలతే. వాటికని తెప్పించిన విడి టైర్లు కొన్ని అటక మీద ఉండిపోయి ఉండవచ్చునన్నాడు. రోడ్డు సైకిలు టైర్లు అడిగితే లేవనే చెబుతాడు, హైబ్రిడ్ టైర్లు ఉన్నాయా అని అడగమని కూడా చెప్పాడు. ఆ మాటకు రుసుము ఇవ్వబోతే తీసుకోలేదు, అరిగిన టైరు పారేసేటప్పుడు తనకిమ్మని మాత్రం అడిగాడు. దాని పక్కగోడలు ఇంకా గట్టిగా ఉన్నాయట, ముక్కలు చేసి వేరేవారి టైర్లలో లోపల అతికించడానికి పనికొస్తుందట.

ఆయన చెప్పిన దుకాణం కోట వైపు వెళ్లే దారిలో ఉంది. ఆయన నేర్పినట్టే అడిగాను. యజమాని కాసేపు ఆలోచించి, లోపలి కుర్రాణ్ని నిచ్చెన వేయమన్నాడు. అటక మీది నుంచి దుమ్ముతో దిగిన కట్టలో ఎక్కువ భాగం 35, 38 వెడల్పువి. నా సైకిలులో అవి దూరవు. వాటి అడుగున రెండు టైర్లు 28-622 అన్న అంకెతో బయటపడ్డాయి. ఇనుప తీగ అంచువి, మడతపెట్టే రకం కాదు, అందుకే కాస్త బరువెక్కువ. నాకు దానితో పట్టింపు లేదు. ఎన్నాళ్లో నిలవున్న రబ్బరు కనుక కొనే ముందు పక్కగోడను వేళ్ల మధ్య వంచి, వెలుతురులో పగుళ్లు ఉన్నాయేమో చూశాను. ఎండ తగలకుండా అటక మీద చీకట్లో ఉండబట్టి ఎక్కడా సన్నని గీత కూడా లేదు. ధర అడిగితే ఆయన టైరుకు కట్టిన పాత చీటీ చూపించి, ‘అప్పుడు రాసిందే ఇవ్వండి మేస్టారూ’ అన్నాడు. కరువు రోజుల్లో, ఎంత అడిగినా కొనుక్కుపోయేవాడు ఎదురుగా నిలబడి ఉండగా, పాత ధరకే ఇచ్చిన ఆ మనిషి మీద నాకు కలిగిన గౌరవం చిన్నది కాదు.

ట్యూబు సంగతి వేరు. నా రిమ్ముకున్న రంధ్రం ఆరున్నర మిల్లీమీటర్లది, సన్నని ప్రెస్టా వాల్వు మాత్రమే పడుతుంది. మోటారు సైకిలుకు ఉండే లావు వాల్వు కావాలంటే రంధ్రాన్ని ఎనిమిదిన్నరకు పెంచాలి. కొందరు డ్రిల్లు వేయించేస్తారు గాని, సన్నని రిమ్మును అలా బలహీనపరచడం నాకిష్టం లేదు. పాత ట్యూబుకే అతుకులు గట్టిగా ఉన్నాయి, అదే ఉంచాను.

తిరిగి వేపచెట్టు కిందికి వెళ్లాను. పాత టైరు విప్పడానికి ఇనుప పట్టీలు వాడిన బాబాయి, కొత్తది ఎక్కించడానికి మాత్రం వాటిని ముట్టుకోలేదు. వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి, అంచును రెండు బొటనవేళ్లతో రిమ్ము నడిమి పల్లంలోకి నొక్కుకుంటూ వచ్చాడు. అలా నొక్కడం వల్ల చివర్లో కావలసినంత వదులు దొరుకుతుంది, ఆఖరి జానెడు కూడా చేత్తోనే ఎక్కింది. పట్టీతో ఎక్కిస్తే ట్యూబు నలిగి చిల్లు పడుతుందని, అది ఇల్లు చేరాక బయటపడుతుందని చెప్పాడు. టైరు మీది బాణం గుర్తు తిరిగే దిక్కుకే ఉందా అని గేర్ల వైపు చూసి సరిచూసుకున్నాడు. సన్నని వాల్వుకు మామూలు పంపు పట్టేలా చేసే చిన్న ఇత్తడి మూత నా దగ్గరుంది, దాన్ని వాల్వుకు బిగించాక ఆయన కాలిపంపు సరిపోయింది. కొద్దిగా గాలి కొట్టి, చక్రాన్ని తిప్పుతూ పక్కగోడ మీది సన్నని గీత రిమ్ముకు అన్నిచోట్లా సమానదూరంలో ఉందో లేదో చూసి, ఒకచోట లోపలికి పోయినదాన్ని అరచేత్తో లాగి, అప్పుడు పూర్తిగా నింపాడు. పాత టైరు ఆయనకే ఇచ్చాను.

సాయంత్రం బస్సుకు శ్రీకాకుళం చేరి చక్రం బిగించాను. బ్రేకు కింద మూడు మిల్లీమీటర్ల అలెన్ కీ తగలకుండా దూరింది. 25 టైరులో తొంభై పౌండ్ల ఒత్తిడి పెట్టేవాణ్ని, దీని వెడల్పుకు తగ్గట్టు ఎనభైకి తగ్గించాను. మరునాటి ఉదయం కళింగపట్నం దారి పట్టాను. గుంతల మీద మునుపటి కంటే మెత్తగా వెళుతోంది, తడి రోడ్డు మలుపుల్లో పట్టు ఎక్కువగా ఉంది, వేగంలో తేడా నాకు తెలియలేదు. సన్నని టైరే గొప్పదన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గాని, మన జిల్లా రోడ్లకు 28 వెడల్పే తగినదని ఆ ఉదయమే నిర్ణయించుకున్నాను.

రెండో టైరును ఎండ తగలని చోట, వంటింటి పొయ్యికి దూరంగా, గుండ్రంగానే వేలాడదీసి ఉంచాను. ముందు చక్రం టైరు అప్పటికి ఇంకా ఒక ఏడాది వచ్చేలా ఉంది. ఈలోగా పలాస వైపు నుంచి కాలేజీకి సైకిలు మీద వచ్చే ఒక కుర్రాడు ఇదే అంకె కోసం వెతుకుతున్నాడని తెలిసింది. అతనికి 35 వెడల్పు కూడా పడుతుంది కాబట్టి, కోట దారిలోని ఆ దుకాణం గుర్తులు రాసిచ్చి, హైబ్రిడ్ టైర్లని అడగమని చెప్పాను.