కొండ మీద సేవ: కూరగాయల డ్యూటీ పడితే సంతోషపడండి

తిరుమల కొండ మీద స్వచ్ఛందంగా పనిచేసే శ్రీవారి సేవకు పేరిచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆశ ఒకటే, గుడి లోపల డ్యూటీ పడాలని. పడకపోతే మొదటి రోజే మొహాలు మాడిపోతాయి. మా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. లోపల నిలబడితే స్వామి దగ్గరే ఉంటాడు, నిజమే. కానీ భక్తులతో "పదండమ్మా, పదండి" తప్ప ఇంకో మాటకు సందుండదు. మనుషులతో కలిసిపోవాలని వచ్చినవాళ్ళకు కూరగాయలు తరిగే చోటు, అన్నప్రసాదం, క్యూ కంపార్ట్‌మెంట్లు, వీటిలో ఏది పడినా అదృష్టమే.

తిరుమల తిరుపతి దేవస్థానం (తితిదే) ఈ సేవను 2000లో మొదలుపెట్టింది. సాధారణంగా పది నుంచి పదిహేను మంది బృందంగా ఆన్‌లైన్‌లో పేర్లిస్తారు, ఏడు రోజులు చేస్తారు. ఉండటానికి సేవాసదన్, తినడానికి అన్నప్రసాదం. జీతం బత్తెం ఏమీ ఉండవు, భక్తులు చేతిలో డబ్బు పెట్టబోయినా తీసుకోకూడదు. వయసు, కోటా నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు దేవస్థానం వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

ఆడవాళ్ళకు నారింజ రంగు చీర, మెరూన్ జాకెట్టు. మగవాళ్ళకు తెల్లబట్టలు. పైన సేవ కండువా. మూడు జతలకు తక్కువైతే ఇబ్బందే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొండ మీద ముసురు పట్టిందంటే ఉతికిన బట్ట రెండు రోజులైనా ఆరదు. కింద తిరుపతిలో ఉక్కపోస్తోంది కదా అని స్వెటర్ లేకుండా ఎక్కేస్తారు, తెల్లవారుజామున డ్యూటీ పడితే వణుకుతారు. చెప్పుల్లేకుండా గంటల తరబడి బండల మీద నిలబడాలి కాబట్టి మడమలు పగులుతాయి. రాత్రి పడుకునే ముందు కాళ్ళు కడిగి కొబ్బరినూనె పట్టిస్తే నాలుగో రోజుకు కుంటే పని ఉండదు. ఇంకొకటి, కొండ మీద పూలన్నీ స్వామివే, ఆడవాళ్ళు తలలో పెట్టుకోరు. ఈ సంగతి తెలియక ఎవరైనా మల్లెలు పెట్టుకుని వస్తే పక్కకు పిలిచి మెల్లగా చెప్పాలి. నలుగురిలో అరిస్తే ఆమెకు యాత్ర మొత్తంలో అదే గుర్తుంటుంది.

ఇక కూరగాయల సంగతి. దాతలు లారీల్లో పంపిన మూటలు వస్తాయి. గుమ్మడి, సొర, వంకాయ, బీన్స్, టమాటా. అందరూ కింద కూర్చుని తరగడమే. సాంబారు ముక్క బొటనవేలి గణుపంత ఉంటే చాలు, కానీ అన్నీ ఒకే సైజుండాలి. అంత పెద్ద గుండిగలో చిన్నముక్క కరిగిపోతుంది, పెద్దది పచ్చిగా ఉండిపోతుంది. ఇంట్లోలా ఒకటీ అరా ఏరి తీసేయడం అక్కడ కుదరదు. వంకాయ ముక్కలు ఎప్పటికప్పుడు నీళ్ళలో వెయ్యకపోతే నల్లబడతాయి. పచ్చిమిరపకాయలు మీ వంతుకొస్తే ముందే అరచేతులకు నూనె రాసుకోండి. మంట మొదలయ్యాక నీళ్ళతో ఎంత కడిగినా పోదు, ఆ ఘాటు నీళ్ళలో కరిగేది కాదు. నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడగాలి. ఆ చేత్తో కళ్ళు నలుపుకున్నారంటే ఆ రోజుకు డ్యూటీ అయిపోయినట్టే.

ఒకే ఊరివాళ్ళు ఒకే మూట చుట్టూ కూర్చుంటారు. ఇదే అసలు పొరపాటు. ఊళ్ళో మాట్లాడుకున్న మాటలే మళ్ళీ మాట్లాడుకుంటారు, మధ్యాహ్నానికి ఎవరి మీదో చాడీలు మొదలవుతాయి. ఇద్దరిద్దరుగా విడిపోయి వేరే బృందాల మధ్య కూర్చోండి. బళ్ళారి ఆవిడకూ వేలూరు ఆవిడకూ చేతిలో ఒకే గుమ్మడికాయ ఉన్నప్పుడు మాట కలపడానికి భాష రానక్కరలేదు. "మీ పక్క దీన్ని ఏం చేస్తారు?" అని సైగ చేసినా చాలు, బెల్లం పెట్టే పులుసు నుంచి కోడలి దాకా కథ నడుస్తుంది.

అన్నప్రసాదం పథకం 1985లో మొదలైంది. ఇప్పుడు వడ్డించే పెద్ద భవనానికి భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. రాత్రి స్వామిని పవళింపజేసే ఏకాంతసేవలో ఈనాటికీ ముత్యాలహారతి పడుతున్నది ఆ మహాతల్లి పేరుమీదే. వడ్డనలో కొత్తవాళ్ళు బకెట్టు నిండా పోయించుకుంటారు. తిరిగి తిరిగి రావక్కరలేదని వాళ్ళ లెక్క. పది విస్తళ్ళు దాటేసరికి చెయ్యి వణుకుతుంది, సాంబారు ఒలుకుతుంది, నేల జారుతుంది, వెనకొచ్చేవాడు పడతాడు. ముప్పావు వంతు చాలు. నడుము వంచకుండా మోకాలు కాస్త వంచి వడ్డించాలి, వరస మారినప్పుడల్లా చెయ్యి మార్చాలి. అన్నం పట్టుకున్నవాళ్ళు పరుగు పెడితే సాంబారు వెనకబడిపోతుంది. అన్నం ఆరిపోతూ ఉంటే ఆకలిమీదున్న మనిషి మొహం చూడలేం. కాబట్టి అన్నం వెనకే నాలుగైదు విస్తళ్ళ దూరంలో సాంబారు ఉండాలి. అన్నం మారు వడ్డించేటప్పుడు గరిటె ఎత్తి పట్టుకుని అడగండి, అడక్కుండా వెయ్యొద్దు. ముసలివాళ్ళు వద్దనలేక వేయించుకుని తినలేక వదిలేస్తారు. కాస్త వంగి, కళ్ళలోకి చూసి "ఇంకొంచెం పెట్టమంటారా పెద్దమ్మా?" అంటే ఆ జవాబులోనే ఎవరికెంత కావాలో తెలిసిపోతుంది. హడావుడిలో మొహాలు చూడకుండా విస్తళ్ళు చూసుకుంటూ పోయేవాళ్ళకు సాయంత్రానికి చేతినొప్పి మాత్రమే మిగులుతుంది.

భక్తులు దర్శనానికి ఆగే వైకుంఠం కాంప్లెక్సులో పాలు, ఉప్మా, మజ్జిగ ఇవ్వడం తేలికే. కష్టమంతా "ఇంకా ఎంతసేపు?" అనే ప్రశ్నతోనే. ఓదార్పు కోసం "అరగంటే" అనేస్తారు. అరగంట దాటాక ఆ కంపార్ట్‌మెంట్‌లో మీ మాటకు విలువుండదు. మైకులో ప్రకటించిందే చెప్పండి, తెలియకపోతే సిబ్బందిని అడిగొచ్చి చెప్పండి. పాలు ముందు చంటిపిల్లల తల్లులకు ఇవ్వాలి. తలుపు తియ్యకముందే పసిపిల్లలున్నవాళ్ళనూ కర్ర పట్టుకున్నవాళ్ళనూ గోడపక్కకు జరపాలి, తెరిచాక జరపడం ఎవరి వల్లా కాదు.

తప్పిపోయిన పిల్లాడు కనిపిస్తే నాన్న ఫోన్ నంబరు అడగడం అలవాటు. నంబరు చెప్పినా లాభం లేదు, క్యూలోకి వచ్చేముందే ఫోన్లు డిపాజిట్ చేసి ఉంటారు. పిల్లాడిని దొరికిన చోటే ఉంచి, ఒకరు పక్కన కూర్చుని, ఇంకొకరు పోయి సిబ్బందికి చెప్పి మైకులో పిలిపించాలి. ఎత్తుకుని వెతకబోతే అటు తల్లి, ఇటు మీరు తిరుగుతూనే ఉంటారు.

పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాల్లో కొండంతా అరవంవాళ్ళే. మన చిత్తూరు, తిరుపతి వాళ్ళకు ఆ భాష అంతో ఇంతో వస్తుంది కాబట్టి మిగతా జిల్లాల బృందాలకు మీరు కళ్ళూ చెవులూ అవుతారు. "కొంజం ఇరుంగమ్మా" (కాస్త ఆగండమ్మా) అన్నప్పుడు తోసుకునే వరస కూడా కాస్త తగ్గుతుంది.

మూడో రోజుకు బృందంలో చిటపటలు వస్తాయి. నిద్ర సరిపోదు, ఒకరికి రాత్రి డ్యూటీ, ఒకరికి పగలు. బృందానికి పెద్దగా ఉన్న మనిషి షిఫ్టులు కాగితం మీద రాసి అందరికీ కనబడేలా గోడకు పెడితే సగం తగ్గుతాయి. మిగతా సగం భోజనం దగ్గర తగ్గుతాయి.

పక్క బృందం వాళ్ళ నంబర్లు చిన్న పుస్తకంలో రాసుకోండి. క్యూలో, గుళ్ళో డ్యూటీ పడితే ఫోన్ దగ్గరుండదు, చివరి రోజు బస్సు హడావుడిలో అడగడం కుదరదు. రాసుకున్నవాళ్ళు మరుసటి ఏడాది ఒకే తేదీలకు దరఖాస్తు పెట్టుకుంటారు.